ఊరెళ్ళే ముందు రాత్రి

రేపు తెల్లవారుజామున మా ప్రయాణం. బెజవాడలో ఎక్కి విశాఖపట్నంలో దిగాలి. మూడువందల యాభై కిలోమీటర్లు, అంతే. ఆ మాత్రానికే మా ఇంట్లో నాలుగు రోజులుగా పెళ్ళిసందడి. మనవడు పొద్దుటినుంచీ బ్యాగు సర్దడం, విప్పడం, మళ్ళీ సర్దడం. "తాతయ్యా, ఇంకా ఎన్ని గంటలు?" అని అడిగినప్పుడల్లా గడియారం చూసి చెబుతున్నాను. వాడికి గడియారం చూడ్డం రాక కాదు. నాచేత చెప్పించుకోవడంలో అదో రుచి.

ఇంతలో వంటింట్లోంచి తాలింపు ఘాటు వచ్చింది. మా ఇంట్లో రైలెక్కడమంటే పులిహోర కట్టుకోవడమే. పిల్లలు వినేలా లేరని ఒకసారి బిస్కెట్లు, బ్రెడ్డుతో బయల్దేరాం. ఏలూరు చేరేసరికి అందరి మొహాలూ వాడిపోయాయి. ఆ ప్రయోగం మళ్ళీ చెయ్యలేదు.

నేనూ వెళ్ళి పొయ్యి పక్కన నిలబడ్డాను. ఏళ్ళ తరబడి బళ్ళో సైన్సు చెప్పాను గాని, ఇన్ని ప్రయోగాలు ఒకేసారి జరిగే లేబరేటరీ అక్కడ లేదు. "చూస్తూ నిలబడకపోతే ఆ కరివేపాకు దుయ్యరాదూ?" అంది మా ఆవిడ. దూశాను.

నూనె కాగిందో లేదో తెలుసుకోడానికి మనవాళ్ళు థర్మామీటరు పెట్టుకోలేదు, ఆవాలు పెట్టుకున్నారు. గింజలో కాస్తంత తేమ ఉంటుంది. కాగిన నూనెలో అది ఆవిరవుతుంది. ఆవిరికి చోటు కావాలి, తొక్క చోటివ్వదు. చివరికి ఫట్. ఒక గింజ వచ్చి మనవడి చేతిమీద పడింది. వాడు దాన్ని నోట్లో వేసుకుని, "తాతయ్యా, ఆవకాయలో ఆవాలు నషాళానికి అంటుతాయిగా, ఇవి అంటవేం?" అన్నాడు.

అడగవలసిన ప్రశ్నే. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒక గదిలో కాపురం ఉంటుంది. మైరోసినేజ్ అనే ఎంజైము ఇంకో గదిలో ఉంటుంది. విడివిడిగా ఉన్నంతకాలం రెండూ సాధువులే. గింజను నూరి నీళ్ళు తగిలిస్తే గోడలు కూలి అవి కలుసుకుంటాయి, అప్పుడు పుడుతుంది ఘాటు. రసాయనశాస్త్రంలో దాని పేరు అల్లైల్ ఐసోథయోసయనేట్. తేలిగ్గా ఆవిరయ్యే సరుకు కనుక నాలుక మీద కూర్చోకుండా గొంతు వెనకదారిన ముక్కులోకి ఎక్కిపోతుంది. నషాళానికి అంటడమంటే అదే. మిరపకాయ కారం అలాంటిది కాదు. అందులో ఉన్న కాప్సైసిన్ ఎగిరిపోయే రకం కాదు, పడ్డచోటే చతికిలబడి మండిస్తుంది. ఇక కాగిన నూనెలో పడిన ఆవగింజలో ఎంజైము ఆ వేడికి చచ్చి ఊరుకుంటుంది. గోడలు పగిలినా కలుసుకోడానికి రెండోవాడు లేడు. చిటపటలు మిగిలాయి, ఘాటు పోయింది.

గోదావరి జిల్లాల్లో పులిహోరకి ఆవ పెడతారు. పచ్చి ఆవాలు నూరి ఆ ముద్ద కలపడమన్నమాట. అంటే ఒకే పళ్ళెంలో తాలింపు ఆవాల్లో చచ్చిన ఎంజైమూ, ఆవముద్దలో బతికున్న ఎంజైమూ పక్కపక్కనే ఉంటాయి. మా ఆవిడది ఆ వైపే. అన్నం పొగలు కక్కుతుండగా ఆవ పెట్టనివ్వదు. ఎందుకంటే, "మా అమ్మ అలాగే చేసేది" అంటుంది. మా అత్తగారికి మైరోసినేజ్ పేరు తెలియదు గాని, దాని స్వభావం తెలుసు.

అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, పసుపూ నూనే చల్లి, మెతుకు విరగకుండా గరిటె వెనకతో సర్దుతోంది మా ఆవిడ. ఈ పనికి అన్ని బియ్యమూ పనికిరావు. బియ్యంలో పిండిపదార్థం రెండు రకాలు, అమైలోజు, అమైలోపెక్టిను. అమైలోజు తగినంత ఉంటే మెతుకు మెతుకుగా విడుతుంది. లావోస్, థాయిలాండుల్లో తినే జిగురుబియ్యంలో అమైలోజు దాదాపు ఉండదు. దానితో పులిహోర చేస్తే ఉండలు కట్టి బంతాట ఆడుకోవచ్చు. మన అదృష్టం, బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో సాంబ మసూరిని విడుదల చేసింది. బి.పి.టి. 5204 అంటే రైతులకి ఎక్కువ తెలుస్తుంది. ఆ పేరులో మొదటి మూడు అక్షరాలూ బాపట్లవే.

ఈ ఘట్టంలో వచ్చారు తెలుగు మేష్టారు, పెరట్లోంచి కోసిన అరిటాకులు భుజాన వేసుకుని. మేమిద్దరం ఒకే బళ్ళో పనిచేశాం. ఆయన నన్ను ఇప్పటికీ "సైన్సుగారూ" అనే పిలుస్తారు. మేం ఊళ్ళో లేనన్నాళ్ళూ మా ఇంటి తాళంచెవి, తులసికోటకి నీళ్ళు, వీధిగుమ్మంలో కూర్చునే పిల్లికి పాలు, అన్నీ ఆయన పూచీ.

"ఏమండీ సైన్సుగారూ, మామూలన్నం రేపటికి పాచిపోతుంది, పులిహోర పోదు. ఏమిటి మర్మం?" అన్నారు అరిటాకుని సెగమీద వాడుస్తూ. సెగ తగిలితే ఆకు మెత్తబడి, మడిచినా చిరగదు.

మర్మం చాలావరకు చింతపండుదే. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విత్తనాల్లాంటివి ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు, మహా మొండివి. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉండిపోతే మొలకెత్తి, పెరిగి, కడుపులో గొడవ చేస్తాయి. వాటికి పులుపంటే గిట్టదు. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం, ద్రాక్షపళ్ళలో ఉండేదీ అదే. దానికి తోడు గుజ్జును నూనె తేలేదాకా ఉడికిస్తాం కనుక నీరూ తగ్గుతుంది, ఉప్పూ పడుతుంది. పిల్లలు తినరని పులుపు తగ్గించి చేసింది మాత్రం ప్రయాణానికి పనికిరాదు, ఇంట్లోనే తినేయాలి. వేడివేడిగా డబ్బాలో కుక్కినా అంతే. ఆవిరి మూతకి తగిలి నీళ్ళై మళ్ళీ అన్నం మీదే కారుతుంది.

(అన్నట్టు, అరబ్బులు చింతపండుని 'తమర్ హింద్' అన్నారు, హిందూదేశపు ఖర్జూరమని. చెట్టు పుట్టిల్లు మాత్రం ఆఫ్రికా. మనింటికి వచ్చి ఎన్ని వందల ఏళ్ళయిందో, మన ఇంటిపేరే పెట్టేశారు.)

"పులిహోర కలపడం అయిందా నాయనమ్మా?" అంటూ వచ్చిన మనవరాలు తన మాటకి తనే కిసుక్కున నవ్వింది. ఈ తరం పిల్లల భాషలో పులిహోర కలపడమంటే ఆడపిల్లలతో తీపి మాటలు చెప్పడమట. మేష్టారికి కొత్త ప్రయోగం దొరికింది. జేబులోంచి కాగితం తీసి రాసుకున్నారు కూడా.

కలపడం అయింది. నేను చెయ్యి చాపాను. "ఇప్పుడే కాదు, ఊరాలి" అంది మా ఆవిడ.

ఆ మాట దగ్గర మేష్టారు ఆగిపోయారు. "చూశారా! పులిహోర ఊరాలి. తలుచుకుంటే నోరు ఊరాలి. రేపు ఊరు వెళ్ళాలి. ఒక్క 'ఊరు'లో ఎన్ని పనులు జరుగుతున్నాయో!" వ్యుత్పత్తులు ఒకటేనా అని అడగబోయి మానేశాను. ఆయన ఆనందంలో ఉన్నారు.

ఊరడం గురించి నా దగ్గరా ఒక ముచ్చట ఉంది. కలిపిన వెంటనే పులుపూ ఉప్పూ మెతుకు పైనే ఉంటాయి, లోపల చప్పటి అన్నమే. అణువులు లోపలికి నడిచి వెళ్ళాలి. పాపం వాటికి దారి తెలియదు, తాగినవాడిలా అటోసారి ఇటోసారి తూలుతూ వెళతాయి. అలా తూలేవాడు రెట్టింపు దూరం పోవాలంటే రెట్టింపు సమయం చాలదు, నాలుగు రెట్లు పడుతుంది. పది రెట్ల దూరానికి నూరు రెట్లు. ఇప్పుడు ముతకలెక్క ఒకటి వేద్దాం. మెతుకు ఊరడానికి గంట పట్టిందనుకోండి. మెతుక్కి పదింతలు మందం ఉండే మామిడికాయ ముక్కకి నూరు గంటలు. అంటే నాలుగు రోజులు. ఆవకాయ కలిపాక మూడో రోజున తిరగకలిపి, అప్పుడుగాని ముట్టుకోనివ్వరే మన ఇళ్ళల్లో! లెక్క అచ్చంగా సరిపోలేదనుకోండి. మామిడిముక్కకి తొక్కుంది, టెంకుంది, ఉప్పు బయటికి లాగే నీరుంది. అయినా గంటలు కాదు, రోజులు పడుతుందన్న సంగతి చూపించింది కదా.

మనుషులకీ ఈ ఊరడం ఉంటుందని నాకో అనుమానం, రాబోయేదానికోసం ఎదురుచూడడంలో. 1990లలో వుల్‌ఫ్రమ్ షుల్ట్‌జ్ అనే శాస్త్రవేత్త కోతులకి దీపం వెలిగించి, కాసేపాగి పళ్ళరసం ఇచ్చి, వాటి మెదడులో డోపమీన్ కణాలు ఎప్పుడు ఉలిక్కిపడుతున్నాయో చూశాడు. కొత్తలో రసం నోట్లో పడ్డప్పుడు ఉలిక్కిపడ్డాయి. అలవాటయ్యాక రసానికి పట్టించుకోలేదు, దీపం వెలగగానే ఉత్సాహపడ్డాయి. ఇంకో సంగతి. దీపం వెలిగి, రావలసిన వేళకి రసం రాకపోతే ఆ కణాలు ఉన్నపళంగా మూగబోయేవి. ప్లాట్‌ఫారం మీద "చింతిస్తున్నాము" అన్న ప్రకటన విన్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో నెదర్లాండ్స్ పరిశోధకులు 1,530 మందిని ప్రశ్నించారు. వారిలో 974 మంది సెలవులకి ఊరెళ్ళొచ్చారు. వెళ్ళబోయేవాళ్ళు వెళ్ళనివాళ్ళకన్నా ముందునుంచే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక చూస్తే, బాగా తీరుబడిగా గడిపినవాళ్ళలో తప్ప పెద్ద తేడా కనబడలేదు. ఇది చెబితే మనవరాలు, "అయితే టిక్కెట్లు కొని వెళ్ళకుండా ఉంటే సరిపోతుందా తాతయ్యా?" అంది. ఈ పిల్ల లాయరవుతుంది.

మేష్టారు లేచారు. "అక్కణ్ణుంచి ఏం తెమ్మంటారు?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "సింహాచలం సంపెంగలు" అన్నారు. వాడిపోతాయి కదండీ అంటే, "వాడనివ్వండి, వాసన చాలు" అన్నారు. చిన్నప్పుడు వాళ్ళమ్మగారు తలలో పెట్టుకునేవారట. చూపూ చప్పుడూ మెదడులో థలామస్ అనే గుమ్మం దాటి లోపలికి వెళ్ళాలి. వాసనకి మాత్రం ఆ గుమ్మం దగ్గర ఆగే పనిలేదు. జ్ఞాపకాలూ భావాలూ ఉండే గదుల్లోకి దగ్గరిదారిన పోతుంది. ఇది ఆయనకి చెప్పలేదు. ఆ క్షణంలో చెప్పబుద్ధి కాలేదు.

ఆయన వెళ్ళాక మనవణ్ణి పడుకోబెట్టడానికి రైలు కబుర్లు ఎత్తుకున్నాను. మా చిన్నతనంలో పట్టాల ముక్కలు పదమూడేసి మీటర్లు. ఎండకి ఉక్కు సాగుతుంది కనుక ముక్కకీ ముక్కకీ మధ్య సందు వదిలేవారు. నలభై డిగ్రీల వేడి పెరిగితే పదమూడు మీటర్ల పట్టా ఆరు మిల్లీమీటర్లు సాగుతుంది. చక్రాలు ఆ సందు దాటినప్పుడల్లా టక్కుటక్కు. మేం గడియారం పట్టుకుని 47 సెకన్లలో ఎన్ని సందులు దాటామో లెక్కపెట్టేవాళ్ళం. ఎన్నయితే గంటకి అన్ని కిలోమీటర్ల వేగం! కావాలంటే గుణించి చూసుకోండి. ఇప్పుడు పట్టాల్ని మైళ్ళ పొడవున అతికేస్తున్నారు. స్లీపర్లూ కంకరా గట్టిగా పట్టుకోవడంతో సాగే వీలు లేక ఊరుకుంటాయి. అందుకే టక్కుటక్కులు తగ్గాయి. "మరి మనం ఎలా లెక్కపెడతాం?" అన్నాడు దిగులుగా. కిలోమీటరు రాళ్ళు చూడమన్నాను. రాయికీ రాయికీ 36 సెకన్లు పడితే గంటకి వంద. కొవ్వూరు దాటాక గోదావరి బ్రిడ్జి మీద మాత్రం లెక్కలొద్దు, కిటికీలోంచి చూడ్డమే అని చెప్పాను. సరేనన్నాడు. వేళ్ళమీద ముప్పై ఆరు లెక్కపెడుతూ, ఇరవై దాకా వచ్చి నిద్రపోయాడు.

ఇల్లంతా సద్దుమణిగింది. అరిటాకు వేసిన డబ్బా వంటింటి గట్టుమీద ఉంది. గంటన్నర దాటింది, ఊరే ఉంటుంది. లెక్క వేసినవాడు సరిచూసుకోవాలా వద్దా? మూత చప్పుడు కాకుండా తియ్యాలి.