చెల్లిని రైలెక్కించేద్దాం, నాన్నా!

ఆదివారం సాయంత్రం పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలన్న ప్రశ్నకు మా ఇంట్లో ఒకటే జవాబు: ఖరగ్‌పూర్ స్టేషను. ఇది రైల్వే పెంచిన ఊరు. ఇక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్ల పైమాటే. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని దాటేశాయి కానీ, అంతకు ముందు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం మాదేనని ఊరివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాలుగేళ్ళ మావాడికి ఈ లెక్కలు అక్కర్లేదు. వాడు గూడ్సు పెట్టెలు లెక్కపెట్టుకుంటాడు. ఏడాదిన్నర చెల్లెలు నా చంకలోంచి దిగిపోవడానికి గింజుకుంటూ ఉంటుంది.

కొన్ని నెలల కిందట అలాగే నిలబడి ఉండగా మద్రాసు వైపు వెళ్ళే బండి ఒకటి వచ్చి ఆగింది. మావాడు నా చొక్కా లాగి, "నాన్నా, చెల్లిని రైలెక్కించేద్దాం. అమ్మమ్మకి ఇచ్చేద్దాం" అన్నాడు. నేనూ మా ఆవిడా నవ్వాం. వాడు నవ్వలేదు. బండి కదిలి వెళ్ళిపోయేదాకా మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూనే ఉన్నాడు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక మా ఆవిడ అంది: "వాడికి ఆ ఆలోచన మనమే ఇచ్చాం."

వాడు చూసింది ఏమిటి?

పాప పుట్టినప్పుడు వాడికి రెండున్నరేళ్ళు. అత్తగారికి మోకాలి ఆపరేషన్ జరిగి ప్రయాణం చేసే స్థితి లేదు. మా అమ్మానాన్నలు లేరు. సెప్టెంబరు నెల, అర్ధ సంవత్సరపు లెక్కల సమయం. అందుకని మా బావమరిది వచ్చి వాడిని పలాస తీసుకెళ్ళాడు. నలభై రోజులు అమ్మమ్మ ఇంట్లో బాగానే ఉన్నాడు. తిరిగొచ్చేసరికి అమ్మ ఒళ్ళో ఇంకొకరు ఉన్నారు.

పెద్దవాళ్ళకు ఇదంతా ఒక ఏర్పాటు. రెండున్నరేళ్ళవాడికి అలా కాదు. ఆ వయసులో 'నలభై రోజులు' అన్న మాటకు అర్థం లేదు. 'డెలివరీ', 'సెలవు', 'మోకాలి ఆపరేషన్' అంటే తెలియదు. జరిగినవి మాత్రం వరసలో గుర్తుంటాయి: నన్ను రైలెక్కించారు, తర్వాత చెల్లి వచ్చింది. పిల్లల్ని రైలెక్కించి ఇచ్చేయవచ్చు అన్నది వాడు కళ్ళారా చూసిన సంగతి. అలాంటప్పుడు చెల్లిని మాత్రం ఎందుకు ఇచ్చేయకూడదు?

ఆ తర్వాత మేము 'అల్లరి' అనుకున్నవన్నీ ఈ వెలుగులో వేరేగా కనిపించాయి. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టాడు. గ్లాసుతో తాగేవాడు పాలసీసా కావాలన్నాడు. శుభ్రంగా మాట్లాడేవాడు ముద్దుమాటలకు దిగాడు. ఎవరూ చూడనప్పుడు చెల్లిని తోశాడు. మేము ప్రతిసారీ చెప్పిన మాట ఒకటే: "నువ్వు పెద్దవాడివి కదా!" నిజానికి వాడు అడుగుతున్నది, చిన్నగా ఉంటేనే ఈ ఇంట్లో ఒళ్ళు దొరుకుతుందా అని.

తమ్ముడో చెల్లో పుట్టాక పెద్దపిల్లలు కొన్నాళ్ళు ఇలా వెనక్కి వెళ్ళడం చాలా ఇళ్ళల్లో జరిగేదే. సాధారణంగా కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. మూత్రంలో మంట, జ్వరం ఉన్నా, నెలలు గడిచినా తగ్గకపోయినా పిల్లల డాక్టరుకు చూపించాలి. అంతేగాని కొట్టడం, నలుగురిలో నవ్వడం మందు కాదు.

ఎక్సెల్ షీటు ఓడిపోయిన విధం

మేనేజ్‌మెంట్ చదివినవాణ్ణి కదా, మొదట నేను చేసిన పని టైమ్‌టేబుల్ వేయడం. సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు దాకా బాబు, ఏడు నుంచి ఏడున్నర దాకా పాప. బిస్కెట్లు చెరో రెండు. బొమ్మ కొంటే రెండు. అన్నీ సమానం. ఆ షీటు రెండు వారాలు కూడా నిలవలేదు. బాబు అరగంటలో పాప ఏడిస్తే లేచేది నేనే. పాప అరగంటలో బాబు పిలిస్తే మాత్రం "ఒక్క నిమిషం ఆగు" అనేవాణ్ణి. కాగితం మీద సమానం, ఇంట్లో కాదు.

దారి చూపించింది మథురాకాటిలో మా పాత ఇంటి పక్కనుండే మామ్మగారు. వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న లైను 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ రైల్వే వర్క్‌షాపులోనూ, బళ్ళ మీదా పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వేల కుటుంబాలు ఇక్కడికి చేరాయి. మామ్మగారి మావగారు అలా వచ్చినవారే. రైల్వే క్వార్టర్స్‌లో ఐదుగురు పిల్లల్ని పెంచిన మనిషి ఆవిడ. నా గోడు విని ఆవిడ అడిగింది ఒకే ప్రశ్న: "ఆఫీసు నుంచొచ్చి ముందు ఎవుల్నెత్తుకుంటావు, బాబూ?"

"పాపనే, మామ్మగారూ. గుమ్మంలోకి పాకి వస్తుంది కదా."

"రేపట్నుంచి ఆడిని ముందెత్తుకో. సంటిదానికి రెండు నిమిషాలు ఆలీసెమైతే ఏడుస్తాది, మర్సిపోద్ది. ఆడు ఏడవడు, మర్సిపోడు."

నేను చదివిన రెండేళ్ళ కోర్సులో ఇంత సూటిగా చెప్పిన పాఠం గుర్తులేదు. ఇద్దరికీ సమానంగా పంచడం కాదు, ఎవరికి ఏ సమయంలో ఏది కావాలో అది ఇవ్వాలి. పాపకు కావలసింది ఆకలికి పాలు, నిద్రకు భుజం. బాబుకు కావలసింది తన చోటు తనకే ఉందన్న నమ్మకం.

మేము మార్చుకున్నవి

మొదటిది, ఇంటికి రాగానే పది నిమిషాలు బాబువే. మా ఆవిడ మేదినీపూర్ శాఖలో పని చేస్తుంది, లోకల్‌లో వచ్చి వెళ్తుంది. ఎవరు ముందు వస్తే వాళ్ళు చెప్పులు విప్పగానే వాడి దగ్గర కూర్చుంటారు. ఫోను బల్ల మీదే ఉంటుంది. ఆటేమిటో వాడే చెబుతాడు. పది నిమిషాలు తక్కువే, కానీ రోజూ తప్పకపోవడం ముఖ్యం. నెలకొకసారి పెద్ద మొత్తం వేయడం కన్నా రోజూ కొంచెం వేసే ఖాతా బాగా నిలుస్తుందని మన ఖాతాదారులకు మనమే చెబుతాం కదా.

రెండోది, "ఆగు" అన్న మాట పాపకు కూడా చెప్పడం, బాబు వినేలా చెప్పడం. "చిట్టితల్లీ, కొంచెం ఆగు, అన్నయ్యకు బొత్తాలు పెడుతున్నాను." పాపకు ఆ మాట అర్థం కాకపోవచ్చు. వినవలసినవాడు వింటాడు.

మూడోది, పాప గురించి వాడితో మాట్లాడడం. బ్రిటిష్ మనస్తత్వవేత్త జూడీ డన్, కరోల్ కెండ్రిక్‌తో కలిసి కేంబ్రిడ్జి ప్రాంతంలో 40 కుటుంబాలను రెండో బిడ్డ పుట్టకముందు నుంచీ గమనించి 1982లో ఒక పుస్తకం వెలువరించారు. పసిబిడ్డకు కూడా ఇష్టాలూ కష్టాలూ ఉంటాయని తల్లులు పెద్దపిల్లలతో మాట్లాడిన ఇళ్ళల్లో, కొన్నాళ్ళకు తోబుట్టువుల మధ్య స్నేహం ఎక్కువగా కనిపించిందని అందులో రాశారు. "చెల్లి ఎందుకు ఏడుస్తోందంటావు? ఆకలా, నిద్రా?" అని అడిగితే మావాడు డిటెక్టివ్‌లా దగ్గరికెళ్ళి చూస్తాడు. చాలాసార్లు వాడు చెప్పిందే నిజమవుతుంది.

నాలుగోది, పంచుకోమని బలవంతం చేయకపోవడం. ఏడాదిన్నర పాపకు 'నాది', 'నీది' తేడా తెలియదు. కనిపించినదల్లా పట్టుకుంటుంది. దానికి వాడు కట్టిన బ్లాకుల వంతెన బలి కావలసిన పని లేదు. డైనింగ్ టేబుల్ వాడి రైల్వే యార్డు అయింది, పాపకు అందదు. దీనితో భద్రత కూడా వచ్చింది. పెద్దపిల్లల పూసలు, నాణేలు, బొమ్మల్లోని బటన్ సెల్లు పసిపిల్లల గొంతులోకి వెళ్తే ప్రాణాపాయం. బటన్ సెల్ మింగారన్న అనుమానం ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. బాత్‌రూములో నీళ్ళు నిండిన బకెట్టు కూడా ఉంచకూడదు. ఇద్దరినీ కలిపి వదిలి, "నువ్వు చెల్లిని చూస్తుండు" అని వంటింట్లోకి వెళ్ళడం మానేశాం. నాలుగేళ్ళవాడు కాపలాదారు కాదు.

నిద్ర, తెర, మాట, టీకా

ఐదేళ్ళలోపు పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఒకటి, రెండేళ్ళ వయసులో పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు, నాలుగేళ్ళ వయసులో 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. అంటే ఇద్దరి అవసరమూ ఒకటి కాదు. ఇది ఇబ్బందిగా కనిపిస్తుంది కానీ నిజానికి లాభం. సెలవు రోజుల్లో పాప మధ్యాహ్నం పడుకునే గంటన్నరే మావాడికి అమ్మానాన్నలతో ఒంటరిగా దొరికే సమయం. ఆ గంటన్నరలో ఇల్లు సర్దుకోవాలన్న ఆశ మేము వదులుకున్నాం.

తెర విషయంలో అదే సంస్థ, ఏడాది వయసు పిల్లలకు అసలు వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట దాటకూడదనీ చెబుతోంది. ఇద్దరున్న ఇంట్లో మొదటి నియమం పాటించడం కష్టం. అన్నయ్య చూస్తుంటే చెల్లి రాకుండా ఉంటుందా? మేము వాడి కార్టూన్‌ను కూడా పాప నిద్రపోయే వేళకు మార్చాం.

ఇక మాటలు. పగలు పిల్లల్ని చూసుకునే మాశి బెంగాలీ, ప్లే స్కూల్లో హిందీ, ఇంట్లో తెలుగు. పాప నీళ్ళను ఒకసారి 'జొల్' అంటుంది, ఇంకోసారి 'నీయ్యు' అంటుంది. మాటలు ఆలస్యమవుతాయేమోనని కంగారుపడ్డాం. అన్ని భాషల మాటలనూ కలిపి లెక్కపెట్టాలి అని డాక్టరు చెప్పారు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. కానీ ఇంట్లో తెలుగు నిలబడేది మనం తెలుగులో మాట్లాడితేనే. చెల్లికి తెలుగు మాటలు నేర్పే పని మావాడు తనంతట తానే తీసుకున్నాడు.

టీకాల కార్డు కూడా ఇద్దరిదీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. జాతీయ పట్టిక ప్రకారం డీపీటీ మొదటి బూస్టరు, తట్టు-రుబెల్లా రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య, డీపీటీ రెండో బూస్టరు ఐదారేళ్ళ మధ్య ఇవ్వాలి. చిన్నబిడ్డ హడావుడిలో పెద్దబిడ్డ బూస్టరు మరిచిపోవడం తేలిక.

నేను తీసుకోని పది రోజులు

చివరగా, బ్యాంకు మిత్రులకు ఒక మాట. మనకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. పాప పుట్టినప్పుడు నేను ఐదు రోజులే తీసుకున్నాను. పై అధికారి వద్దనలేదు, శాఖలో సహోద్యోగులు కూడా వెళ్ళమనే అన్నారు. సెప్టెంబరు నెలాఖరున నేను లేకపోతే నడవదని నేనే అనుకున్నాను. శాఖ నడిచేది. ఇంట్లోనే నేను లేని లోటు ఉండిపోయింది. ఆ పది రోజులూ ఇంట్లో ఉండి, మరికొన్ని రోజులు మామూలు సెలవు కలుపుకుని ఉంటే మావాడిని పలాస పంపే అవసరం వచ్చేది కాదేమో. పెద్దబిడ్డను అమ్మమ్మ ఇంటికి పంపడం తప్పు కాదు. పంపక తప్పకపోతే ముందుగా చెప్పి పంపండి, రోజూ వీడియోలో కనపడండి. వీలైతే బిడ్డ పుట్టిన రెండు మూడు రోజుల్లోనే వెనక్కి తెప్పించి, చెల్లినో తమ్ముణ్ణో మొదట చూసేవాళ్ళలో వాళ్ళనూ ఉంచండి.

నేను ఆలస్యంగానైనా ఒక పని చేశాను. ఒక రాత్రి మావాడిని పక్కన పడుకోబెట్టుకుని చెప్పాను: "నిన్ను మేము ఇచ్చేయలేదు. అమ్మకు బాలేదు, నాన్న బ్యాంకుకు వెళ్ళాడు, నిన్ను చూసుకునేవాళ్ళు లేక పంపాం. నాన్న ఇంట్లో ఉండాల్సింది. మన ఇంట్లో పిల్లల్ని ఎవరికీ ఇచ్చేయం." వాడు ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "చెల్లిని కూడానా?" అన్నాడు. "చెల్లిని కూడా." సరేనన్నట్టు అటు తిరిగి పడుకున్నాడు. ఆ ఒక్క రాత్రితో అంతా మారిపోయిందని చెప్పను. పక్క తడపడం ఆగడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. తోపులాట ఇప్పటికీ ఉంది, ఇప్పుడు అటు నుంచి కూడా.

మొన్న ఆదివారం మళ్ళీ స్టేషనుకు వెళ్ళాం. బండి వచ్చి ఆగగానే పాప తలుపు వైపు చెయ్యి చాపి గోల మొదలుపెట్టింది. మావాడు దాని చెయ్యి పట్టుకుని, పెద్దమనిషిలా చెబుతున్నాడు:

"ఇది ఎక్కడానికి కాదు, చెల్లీ. ఊరికే చూడ్డానికి. చూసేసి అందరం ఇంటికెళ్ళిపోతాం."