జర్మనీలో చదువు ఉచితమట! మరి మనకో?

వరంగల్లు, హనుమకొండ వీధుల్లో నలుగురు తల్లిదండ్రులు కలిస్తే చాలు, మాటలు పిల్లల పై చదువుల మీదికే పోతాయి. అప్పు చేసి అమెరికా పంపడమా, జర్మనీ పంపడమా అన్నది చాలా యిళ్ళల్లో తెగని తగవు. ఈ మధ్య మా చెల్లెలి కొడుకు నన్ను నిలదీశాడు: "జర్మనీలో కాలేజీ ఫీజే లేదట మామా! వాళ్ళ సర్కారు పెట్టుకోగా లేనిది, మన సర్కారుకేం వచ్చింది?"

ప్రశ్న చిన్నదే గాని, జవాబుకు కాస్త లెక్క చూడాలి.

ముందు జర్మనీ మాట. అక్కడ కూడా 2006-07 ప్రాంతంలో కొన్ని రాష్ట్రాలు సెమిస్టరుకు 500 యూరోల దాకా ఫీజు విధించాయి. విద్యార్థులు వూరుకోలేదు. 2014 నాటికి ఆ ఫీజులన్నీ రద్దయిపోయాయి. ఇప్పుడు ఆ ఖర్చు ప్రజలిచ్చే పన్నుల్లోంచే వస్తున్నది. అయినా ఉచితమన్న మాట విని పెట్టె సర్దుకోకూడదు సుమండీ! బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనవంటి విదేశీ విద్యార్థుల వద్ద సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటున్నది. పైగా 2024 సెప్టెంబరులో వచ్చిన నిబంధన ప్రకారం, వీసా కావాలంటే ఏడాది బత్తెం కింద 11,904 యూరోలు ముందుగా బ్యాంకులో చూపాలి.

ఇక మన సంగతి. 2022లో జర్మనీ జాతీయోత్పత్తి సుమారు 4 లక్షల కోట్ల డాలర్లు, మనది 3.3 లక్షల కోట్ల పైచిలుకు. రాబడిలో తేడా యింతే గదా అనిపిస్తుంది. కాని పంక్తిలో కూర్చున్న వాళ్ళను లెక్కపెట్టండి! 2021-22లో అక్కడ ఉన్నత విద్య చదివేవారు సుమారు 29 లక్షలు. మన దేశంలో 4 కోట్ల 33 లక్షలు. రెండు దేశాలూ తమ రాబడిలో నూటికి ఒక్క రూపాయి చొప్పున పై చదువులకు కేటాయించినా, జర్మనీ విద్యార్థికి అందే దానిలో మన పిల్లవాడికి దక్కేది 18వ వంతే. ఇక్కడ ధరలూ జీతాలూ తక్కువ గనుక తేడా కొంత తగ్గుతుంది, పూర్తిగా మాసిపోదు.

మరొక సంగతి. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి కాగానే పిల్లలను వేరు వేరు బడులకు మళ్ళిస్తారు. ఎంతోమంది విశ్వవిద్యాలయానికి పోక, కర్మాగారంలో జీతంతో పని నేర్చుకుంటారు. పదేళ్ళ పిల్లను "నీ దారి యిటు" అంటే మన తల్లులు వొప్పుకుంటారా?

అలాగని మన ప్రభుత్వానికి చేతకాదనుకోవద్దు. 1959 అక్టోబరు 10న నెహ్రూగారు వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేశారు. భవనాల ఖర్చు పూర్తిగా కేంద్రానిది; ఇంజనీరింగు డిగ్రీ తరగతుల నిర్వహణ ఖర్చు కేంద్ర రాష్ట్రాలకు చెరి సగం. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అయింది. 2016లో అటువంటి సంస్థల్లో ఏడాది ఫీజు 1,25,000 రూపాయలు చేసినా, షెడ్యూల్డు కులాల, తెగల పిల్లలకూ, లక్ష లోపు ఆదాయం గల యిళ్ళ పిల్లలకూ పూర్తిగా మాఫీ చేశారు. చిక్కల్లా అక్కడి సీట్లు కొద్ది కావడమే. దేశంలోని కళాశాల విద్యార్థుల్లో సుమారు మూడింట రెండు వంతులు ప్రైవేటు కళాశాలల్లోనే చదువుతున్నారు. సర్కారు పెట్టని ఖర్చును తల్లి నగలూ, తండ్రి పొలమూ భరిస్తున్నాయి.

జాతీయాదాయంలో నూటికి 6 వంతులు మొత్తం విద్యకు పెట్టాలని 1966లోనే కొఠారీ కమిషన్ చెప్పింది. 2020 విద్యావిధానం కూడా ఆ మాటే మళ్ళీ చెప్పి, 2017-18లో మనం పెట్టింది 4.43 శాతమేనని వొప్పుకుంది. అంచేత ఓట్లడగడానికి వచ్చిన వారిని ఎన్ని కాలేజీలు తెచ్చారని మాత్రమే అడిగి వూరుకోకండి. ఒక్కొక్క విద్యార్థి మీద ఎంత పెడుతున్నారు, మిగిలినది ఎవరి నెత్తిన పడుతున్నది అని కూడా అడగండి. జర్మనీ విద్యార్థులు అడిగారు గనుకనే అక్కడ ఫీజు పోయింది.