మేనరికం, సీతాకోకచిలుకలు, ఒక పిఠాపురం శాస్త్రవేత్త

పదకొండేళ్ల క్రితం, మేము హ్యూస్టన్ వచ్చిన కొత్తలో, నాకు మూడో నెల. మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇచ్చిన ఫారంలో ఒక ప్రశ్న ఉంది: మీకూ మీ భర్తకూ రక్త సంబంధం ఉందా?

మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకు. మా నాయనమ్మే ఆయనకు అమ్మమ్మ. నేను బీఎస్సీ చదివినదాన్నే. అయినా ఇక్కడివాళ్లు ఏమనుకుంటారో అని ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టేశాను. పక్కనే ఉన్న మా బావ చూసి కూడా ఏమీ అనలేదు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు. తరువాతి అపాయింట్‌మెంట్‌లో నిజం చెప్పాను. ఎవరూ వింతగా చూడలేదు. జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి పంపారు, అంతే.

అప్పుడు ఈ విషయం చదువుతుంటే తెలిసిన పేరు డాక్టర్ కృష్ణ ద్రోణంరాజు. 1937లో పిఠాపురంలో పుట్టి, తరువాత మా హ్యూస్టన్‌లోనే స్థిరపడిన జన్యు శాస్త్రవేత్త. 1957లో బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ లండన్ వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వస్తే, ఇరవై ఏళ్ల ద్రోణంరాజు ఆయన దగ్గర చేరారు. ఇంకో విశేషం, అంత పేరున్న హాల్డేన్‌కి సైన్సులో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన చదివింది లెక్కలు, గ్రీకు, లాటిన్.

ఖరీదైన పరికరాలు లేకపోయినా, కళ్లు తెరిచి చూస్తే భారతదేశంలో మంచి పరిశోధన చేయవచ్చని హాల్డేన్ నమ్మకం. శిష్యుడు అదే చేసి చూపించారు. లాంటానా పూల మీద ఏ రంగుకి ఏ సీతాకోకచిలుక ఎక్కువగా వస్తోందో గమనించి లెక్క రాశారు. ఒక్కో జాతికి ఒక్కో రంగు ఇష్టమని తేలింది. 1960లో అది ‘నేచర్’ పత్రికలో వచ్చింది. మన ఊళ్లలో కొందరు మగవాళ్లకి చెవుల మీద వెంట్రుకలు ఉంటాయి కదా, వాళ్ల వంశవృక్షాలు గీసి, ఆ లక్షణం తండ్రి నుంచి కొడుక్కి వై క్రోమోజోమ్ ద్వారా వస్తుందని రాశారు. 2004లో దక్షిణ భారతీయుల డీఎన్‌ఏ పరీక్షలు అది సరి కాదని తేల్చాయి. సైన్స్ అంటే అదే మరి, గురువుగారు చెప్పారని ఆగిపోదు.

పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలో దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల మీద కూడా 1963లో పరిశోధన పత్రం రాశారు. నేను దాచిన విషయాన్ని మన ఊరివాడే అంతకు ఎన్నో ఏళ్ల ముందే సిగ్గుపడకుండా చదువుకున్నారన్న మాట!

అసలు సంగతి ఇది. చాలా జన్యువులు మనలో రెండేసి ప్రతులు ఉంటాయి, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. దాదాపు అందరిలోనూ చెడిపోయినవి కొన్ని ఉంటాయి. చాలావాటి విషయంలో రెండోది బాగుంటే మనకు తెలియనే తెలియదు. మేనరికంలో ఒకే నాయనమ్మ నుంచి వచ్చిన చెడిపోయిన ప్రతి భార్యాభర్తలిద్దరిలోనూ ఉండవచ్చు. అలా ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 4లో 1. ఏ జన్యువు తీసుకున్నా, రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల ప్రతి నుంచి రావడానికి బావామరదళ్ల బిడ్డకు 16లో 1 అవకాశం. మేనమామ, మేనకోడలు అయితే 8లో 1. మామూలుగా 100 మంది పిల్లల్లో 3 మందికి పుట్టుక లోపాలుంటే, బావామరదళ్ల పిల్లల్లో మరో 2, 3 కలుస్తాయి. అంటే ఎక్కువ మంది ఆరోగ్యంగానే పుడతారు. కానీ డాక్టరుకి తెలిస్తేనే ఏ పరీక్షలు చేయాలో చెప్పగలరు.

మా అమ్మాయి ఆరోగ్యంగా పుట్టింది. ఇప్పుడు మా పెరట్లో లాంటానా ఉంది. వేసవిలో ఏ రంగు మీద ఎన్ని సీతాకోకచిలుకలు వాలాయో అమ్మాయి నోటుబుక్కులో గీతలు పెడుతుంది. ఉద్యోగం లేదు, చదివిన చదువు వృథా అయిందని నేను చాలాసార్లు బాధపడ్డాను. దాని పక్కన కూర్చుని లెక్కపెడుతున్నప్పుడు మాత్రం అలా అనిపించదు.

మీలో ఎవరైనా మేనరికం అయితే, ఆ ఫారంలో ‘అవును’ అనే రాయండి.