గుంటలు, మిత్తి, ఒత్తులు: చిన్న ప్రోగ్రాముల సంగతి

కంప్యూటరు ప్రోగ్రామనగానే మనకు మాదాపూర్ అద్దాల మేడలు, వాటిలో వేలాదిమంది ఉద్యోగులు, వాళ్ళ మెడల్లో కార్డులు గుర్తుకొస్తాయి. ఒక మనిషి, ఒక బల్ల, ఒక పాత కంప్యూటరు – ఇంతమాత్రం పెట్టుబడితో తయారయ్యే ప్రోగ్రాములు కూడా ఉన్నాయనీ, తెలుగు అక్షరం కంప్యూటరు మీద కుదురుగా నిలబడటంలో అటువంటి ఒంటరి మనుషుల పాత్ర చాలా ఉందనీ మనలో ఎంతమందికి తెలుసు? గత ఏడాదిన్నరగా నేను కూడా అలాంటి చిన్న ప్రోగ్రాములు మూడు చేస్తున్నాను. వాటి పని ఎంతవరకు వచ్చింది, లోపల ఏం జరుగుతుంది, ఇక ముందు ఏం చేద్దామనుకుంటున్నాను అన్నది మిత్రులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను చదివేది బి.ఎస్సీ.; మాది వ్యవసాయ కుటుంబం. కాబట్టి ఉదాహరణలన్నీ పొలం చుట్టూ, అప్పు చుట్టూ తిరిగితే చదువరులు విసుక్కోవద్దు.

ముందు పెద్దల సంగతి. 1998లో శేషాద్రివాసు చంద్రశేఖరన్ అనే కన్నడిగుడు ‘బరహ’ అనే ప్రోగ్రాము విడుదల చేశాడు. కన్నడం కోసం మొదలైన ఆ ప్రోగ్రాము తర్వాత తెలుగుతో సహా అనేక భారతీయ భాషలకు పాకింది. ఇంగ్లీషు మీటల మీద మాట ఉచ్చారణను బట్టి కొడితే తెర మీద మన లిపి వస్తుంది. మన తెలుగులో తిరుమల కృష్ణ దేశికాచారి గారు ‘పోతన’, ‘వేమన’ అనే యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే లైసెన్సు కింద ఇచ్చారు గనుకనే అవి లినక్స్ పంపిణీల్లోకి కూడా ఎక్కాయి. వెన్న నాగార్జున గారు చేసిన ‘పద్మ’ ఫైర్‌ఫాక్స్‌లో అమర్చుకునే చిన్న తోడు. ‘ఈనాడు’ వంటి పత్రికలు సొంత ఫాంట్లలో పెట్టిన పేజీలను అది యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 రావడంతో పాత పద్ధతిలో చేసిన తోడు ప్రోగ్రాములు పనిచెయ్యడం మానేశాయి. ఒంటరిగా చేసిన ప్రోగ్రాముకు ఉండే గండం ఇదే: అది నిలబడ్డ నేల వేరేవాడిది. ఆ నేల కదిలితే దీన్ని మళ్ళీ నిలబెట్టడానికి మరొక మనిషి పూనుకోవాలి.

ఇక నా వాటి సంగతి. మొదటిది ‘గుంటలు’. పేరు చూసి నవ్వకండి, చేసే పని పెద్దదే.

తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు; మొత్తం ఎకరం 4840 గజాలు. కోస్తా మిత్రుల లెక్కలో ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు. ఇంతవరకు చిన్నపిల్లలకు కూడా తెలుసు. చిక్కంతా కాగితం మీద ఉంది. పహాణీలో, పాసుపుస్తకంలో 2.20 అని ఉంటే మా దిక్కు దాని అర్థం రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. అదే అంకెను సెంట్ల అలవాటున్నవాళ్ళు చూస్తే రెండెకరాల ఇరవై సెంట్లు. రెండింటికీ తేడా 12 గుంటలు, 1452 గజాలు! అంకె ఒకటే, చుక్క ఒకటే, పొలం మాత్రం వేరు. ఆ చుక్క దశాంశ బిందువు కాదు మరి. చుక్కకు కుడివైపు లెక్క నలభై దగ్గర తిరగబడుతుంది.

మా బాపు పాసుపుస్తకంలో మూడు ముక్కలున్నాయి: 1.25, 1.25, 1.00. క్యాలిక్యులేటరులో కూడితే 3.50 వస్తుంది. నలభైకి మించిన గుంటలుండవు కాబట్టి ఆ జవాబుకు అర్థమే లేదు. అసలు జవాబు నాలుగెకరాల పది గుంటలు. బాపు ఈ లెక్క నోటితో చెప్పేస్తాడు. కాని ఊళ్ళో వారసుల పంపకాలప్పుడు, ఆరేడు సర్వే నంబర్ల ముక్కలు ఐదుగురికి పంచవలసి వచ్చినప్పుడు నోటిలెక్క చాలదు. అప్పుడు గట్టు దగ్గర గొడవలవుతాయి.

ప్రోగ్రాము లోపల నేను చేసిన ఏర్పాటు ఇది. కంప్యూటరు దశాంశాలను ద్విసంఖ్యల్లో దాచుకుంటుంది కాబట్టి 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు; ఎక్కడో పదిహేడో స్థానంలో ఒక 4 తేలుతుంది. అందుకని లోపల దశాంశాలే ఉంచలేదు. గజంలో పదోవంతును కొలమానంగా పెట్టుకున్నాను. అప్పుడు గుంట 1210, సెంటు 484, ఎకరం 48400. అన్నీ పూర్ణసంఖ్యలే. గుంటల వాళ్ళకూ, సెంట్ల వాళ్ళకూ ఒకే పునాది. పంపకంలో మిగిలే ముక్కను దాచిపెట్టకుండా ‘మిగులు’ అని విడిగా చూపిస్తుంది. ఆ మిగులు ఎవరికివ్వాలన్నది కంప్యూటరు పని కాదు, పెద్దమనుషుల పని.

రెండోది ‘మిత్తి’. వడ్డీ అంటే పుస్తకం మాట, మిత్తి అంటే మా ఊరి మాట. నూటికి రెండు రూపాయలంటే నెలకు, ఏడాదికి కాదు. బ్యాంకు భాషలో అది ఏడాదికి 24 శాతం. ‘రెండు రూపాయలే కదా’ అని వినడానికి తేలిగ్గా ఉంటుంది. 24 శాతం అని చెబితే ఎవరైనా ఉలిక్కిపడతారు.

యాభై వేల అప్పు నూటికి రెండు చొప్పున పది నెలల నాలుగు రోజులకు తీరిందనుకోండి. రోజుల లెక్కన మిత్తి రూ. 10,133. కాని నాలుగు రోజులు మీరినా నెల కిందికే వస్తుందని పదకొండు నెలలు కడతారు: రూ. 11,000. మాకు ఎరువులు ఉద్దెర ఇచ్చే దుకాణంలో నిరుడు ఇలాగే కట్టారు. బాపు ఏమీ అనలేదు. మళ్ళీ వానాకాలానికి ఆ గడపే ఎక్కాలి కదా.

ఇంతకంటె పెద్దది నోటు తిరగరాత. ప్రామిసరీ నోటు మీద దావాకు కాలపరిమితి మూడేళ్ళు. ఆలోగా దావా వెయ్యాలి, లేదా నోటు వెనుక కొంత జమ రాయించుకోవాలి, లేదా కొత్త నోటు రాయించుకోవాలి. కొత్త నోటు రాసేటప్పుడు అంతవరకు అయిన మిత్తి అసలులో కలుస్తుంది. యాభై వేలకు మూడేళ్ళ మిత్తి 36,000. కొత్త నోటు 86,000కు. మరో మూడేళ్ళకు దాని మీద మిత్తి 61,920, మొత్తం 1,47,920. నోటు మార్చకుండా బారువడ్డీ లెక్కనే ఆరేళ్ళు నడిచి ఉంటే 1,22,000 అయ్యేది. తేడా 25,920 రూపాయలు. సంతకం పెట్టే రోజున ఇది ఎవరికీ కనబడదు, ఎందుకంటే ఆ రోజు చేతికి పైసా వచ్చేది లేదు, చేతినుంచి పోయేదీ లేదు. కాగితం మాత్రమే మారుతుంది.

‘మిత్తి’ ఈ మూడు లెక్కలనూ పక్కపక్కన మూడు గళ్ళలో చూపిస్తుంది: రోజుల లెక్క, నిండు నెలల లెక్క, తిరగరాత లెక్క. అంతే, సలహా ఏమీ చెప్పదు. మా నోటు వచ్చే ఉగాదికి మూడేళ్ళు నిండుతుంది. ఆలోగా ఎంత జమ కట్టి, ఎంతకు కొత్త నోటు రాస్తే మాకు నయమో లెక్క తీసి బాపుకు కాగితం మీద పంపాను. షావుకారి దగ్గర ఆ కాగితం తీస్తాడో లేదో అది ఆయన ఇష్టం.

ఫోన్లో యాప్ చెయ్యవచ్చు కదా అని హాస్టలు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాని 2020 డిసెంబరులో అప్పుల యాప్‌ల మీద తెలంగాణ పోలీసులు పెట్టిన కేసులు గుర్తున్నాయా? ఫోన్లోని నంబర్లన్నీ లాక్కుని, చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీసేవాళ్ళు. ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. డిజిటల్ అప్పులకు రిజర్వు బ్యాంకు నిబంధనలు 2022లో గాని రాలేదు. అప్పుల లెక్క అన్నది ఇంటి గుట్టు. అది నెట్ అక్కర్లేకుండా, ఆ ఒక్క కంప్యూటరులోనే, మనం చూడగలిగే ఒక్క ఫైలులోనే ఉండాలని నా పట్టుదల. పైగా ఊరి మీసేవ కేంద్రంలో ఉన్నదీ, మా గది కింద డీటీపీ షాపులో ఉన్నదీ కంప్యూటరే.

ఆ డీటీపీ షాపే మూడో ప్రోగ్రాముకు కారణం. కవాడిగూడలో మా గది ఉన్న ఇంటి కింది వాటాలో ఉంటుందది. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, అశోక్‌నగర్ కోచింగ్ విద్యార్థుల నోట్సులు, అప్పుడప్పుడు చిక్కడపల్లి గానసభ కార్యక్రమాల ఆహ్వానాలు. అన్నీ అను ఫాంట్లలో. మన సావనీరు కూడా అలాంటి ఫాంట్లలోనే కూర్చబడుతున్నదని మీకు తెలుసా?

అందులో ఇబ్బంది ఏమిటంటే – ఆ పద్ధతిలో కంప్యూటరుకు తెలుగు అన్నదే తెలియదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల దగ్గర, బొమ్మ మాత్రం తలకట్టు, కొమ్ము, ఒత్తు వంటి తెలుగు ముక్కలుగా గీసి పెడతారు. కాగితం మీద అచ్చు అందంగానే ఉంటుంది, ఫైలులో ఉన్నది మాత్రం పిచ్చి గీతలు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఏమీ అర్థం కాదు. ఒక పేరు వెతకలేము, అకారాది క్రమంలో పేర్చలేము, చూపులేని మిత్రులకు చదివి వినిపించే ప్రోగ్రాము దాన్ని చదవలేదు. యూనికోడ్‌లో అలా కాదు. ప్రతి అక్షరానికీ తనదంటూ ఒక సంఖ్య ఉంటుంది. ‘క’ 3093, పొల్లు 3149, ‘ష’ 3127. ఈ మూడూ వరసగా వస్తే ‘క్ష’. బొమ్మ ఎలా గీయాలన్నది ఫాంటు చూసుకుంటుంది.

ఒకదానినుంచి రెండోదానికి మార్చడం పట్టిక పెట్టుకుంటే సరిపోయే పని అని పైకి అనిపిస్తుంది. సరిపోదు. ‘క్రి’ని తీసుకోండి. కంటికి కనబడే వరసలో ముందు ‘కి’, తర్వాత కింద రకారం ఒత్తు. పాత ఫాంటు బొమ్మల వరసనే పాటిస్తుంది. యూనికోడ్ ఉచ్చారణ వరసలో క, పొల్లు, ర, ఆఖరున గుడి అని అడుగుతుంది. అంటే గుణింతాన్ని ఊడదీసి, ఒత్తును దాటించి, చివర తగిలించాలి. ‘మ’, ‘య’ వంటి అక్షరాలు కొన్ని ఫాంట్లలో రెండు ముక్కలుగా వస్తాయి. మొదటి ముక్క చూసి తొందరపడితే ‘మ’ కాస్తా ‘వ’ అయి కూర్చుంటుంది. కాబట్టి ఎప్పుడూ పొడుగాటి జోడీని ముందు వెతకాలి. అన్నిటికంటె ఏడిపించింది క్రావడి. (క్రావడికీ కవాడిగూడకూ సంబంధం లేదు గాని, నన్ను మాత్రం రెండూ కలిసి చాలా రాత్రులు మేలుకొలిపాయి.) డీటీపీ షాపు అన్న పాతికేళ్ళ అనుభవంతో ఏ మీట ఏ ముక్కో చెబుతుంటే నేను పట్టిక రాసుకున్నాను. పుస్తకాల్లో దొరకని విద్య అది.

పనిముట్ల గురించి రెండు మాటలు. మొదట పైథాన్‌లో, దాని వెంటే వచ్చే టికింటర్ కిటికీలతో చేశాను. నేర్చుకోవడానికి అంత సుఖమైనది మరొకటి లేదు. కాని లినక్స్ మీద టికింటర్ ఒత్తులను కలిపి గీయలేదు. ‘క్ష’ విడివిడిగా పడుతుంది. క్రోమ్ బ్రౌజరు ఇంజనునే లోపల మోసుకొచ్చే ఎలక్ట్రాన్ పద్ధతిలో అక్షరం చక్కగా వస్తుంది గాని, గుంటలు లెక్కపెట్టే ప్రోగ్రాము వంద మెగాబైట్లు దాటిపోతుంది. ఎడ్లబండికి రైలింజను కట్టినట్టు! చివరకు ఫ్రీ పాస్కల్, లాజరస్ దగ్గర కుదురుకున్నాను. నిక్లాస్ విర్త్ 1970లో వెలువరించిన పాస్కల్ భాషకు వారసురాలది. కొద్ది మెగాబైట్లలో ఒక్క ఫైలు తయారవుతుంది, పెన్‌డ్రైవులో పెట్టుకుని పోవచ్చు, షాపులోని పాత విండోస్ 7 మీద కూడా నడుస్తుంది.

అసలు అడ్డంకి మరొకటుంది. కొత్త విండోస్‌లో నా ప్రోగ్రాము తెరవగానే ‘ఇది ఎవరిదో తెలియదు, జాగ్రత్త’ అని నీలితెర అడ్డం పడుతుంది. అది పోవాలంటే ఏటేటా వేల రూపాయలు కట్టి సంతకం సర్టిఫికెట్టు కొనాలి. దొంగ ప్రోగ్రాముల బెడద చూస్తే ఆ హెచ్చరిక తప్పనలేను. కాని ఉచితంగా పంచేవాడికి అది మొయ్యలేని సుంకం. ప్రస్తుతానికి మూలప్రతిని అందరికీ తెరిచి పెట్టాను. అనుమానం ఉన్నవాళ్ళు చదివి, తామే తయారుచేసుకోవచ్చు.

ఇక ముందు సంగతి. ‘గుంటలు’ పని దాదాపు పూర్తయినట్టే. హెక్టార్లు కలపడం మిగిలింది. ‘మిత్తి’లో మధ్యమధ్య జమలు వేసే గడి ఈ సెలవుల్లో పూర్తి చేస్తాను. పత్తి తూకం లెక్క ఒకటి చెయ్యమని మా చిన్నాయన అడుగుతున్నాడు గాని, మూడు నిలబడకముందే నాలుగోదానికి పోవడం నాకిష్టం లేదు. ఒత్తుల ప్రోగ్రాముకే ఎక్కువ పనుంది. నిరుటి మన సావనీరు మీద నడిపి చూశాను. కథలు, కవితలు బాగానే మారాయి. వార్షిక నివేదికలో పట్టికలు, ఇంగ్లీషూ తెలుగూ కలిసిన పేరాలు చెదిరాయి. ఏది ఇంగ్లీషో ఏది తెలుగో ఫాంటు పేరును బట్టి తప్ప తెలియదు కాబట్టి, ఫైలులోంచి ఫాంటు పేరు కూడా లాగాలి. ఇప్పుడు చేస్తున్నది అదే.

అది కుదిరితే దొరికినన్ని పాత సావనీర్లు యూనికోడ్‌లోకి మార్చి లైబ్రరీకి ఇవ్వాలని యూనియన్ కార్యదర్శితో అనుకున్నాం. పూర్వ విద్యార్థులు, అధ్యాపకుల దగ్గర పాత సంచికల పేజ్‌మేకర్ ఫైళ్ళు సీడీల్లోనో, ఇంకా పాతవైతే ఫ్లాపీల్లోనో ఉంటే యూనియన్ గదిలో ఇప్పించ ప్రార్థన. సీడీలు చదివే డ్రైవు కింది షాపులో ఉంది. ఫ్లాపీ డ్రైవు కోసం వెతుకుతున్నాను.