పికప్పు బండికి పెద్ద టైర్లు వేయుట లాభమా, నష్టమా?

పండిన పంటను పొలమునుండి అంగడికి చేర్చుటకై పికప్పు బండ్లను కొనిన రైతులు మన గ్రామములలో పెక్కుమంది కలరు. వారిలో కొందఱు నిర్మాతలు అమర్చిన టైర్లను తీసివేయించి, అంతకంటె పెద్ద టైర్లను వేయించుకొనుచున్నారు. బండి ఎత్తుగా నిలుచుననియు, డొంకదారులలోని గుంటలను సులభముగా దాటుననియు, చక్రము ఒక చుట్టు తిరుగుటతో ఎక్కువ దూరము పోవును గనుక డీజిలు కలిసివచ్చుననియు వారి తలంపు. ఇందు మొదటి రెండు మాటలు కొంతవఱకు నిజములే. మూడవ మాట మాత్రము లెక్కకు నిలువదు. అప్పు తెచ్చి బండి కొనిన రైతునకు డీజిలు ఖర్చు ప్రతి ప్రయాణమునందును తప్పనిది. బండి లాగుశక్తి తగ్గినచో కిరాయి ఆదాయమునకును దెబ్బ తగులును. కావున ఈ సంగతిని కొంచెము విపులముగా విచారింతము.

ఎడ్లబండి చక్రము వేఱు, మోటారు చక్రము వేఱు

పెద్ద చక్రము మేలను నమ్మకము మనకు ఎడ్లబండినుండి వచ్చినది. బండి చక్రము ఎంత పెద్దదైన అంత తేలికగా రాళ్లను, గుంటలను దాటునని మన పెద్దలు అనుభవమువలన ఎఱుగుదురు. అది సత్యమే. కాని ఎడ్లు చక్రమును త్రిప్పుట లేదు. నొగలద్వారా బండిని ముందునకు లాగుచున్నవి. చక్రము తనంతట తాను దొరలుచున్నది.

పికప్పు బండి వెనుకచక్రముల సంగతి ఇందుకు విరుద్ధము. అచట ఇంజను ఇరుసును త్రిప్పును. ఇరుసు చక్రమును త్రిప్పును. చక్రపు అంచు నేలను వెనుకకు త్రోయును. అందువలన బండి ముందునకు సాగును. ఇరుసునకు వచ్చు త్రిప్పుబలము ఒక్కటే యైనపుడు, చక్రము పెద్దదైనకొలది అంచున కలుగు త్రోపు తగ్గును. దీనిని ఇంటిలోనే పరీక్షింపవచ్చును. జానెడు కఱ్ఱ కొనకు ఒక కిలో బరువు కట్టి, రెండవ కొనను పట్టుకొని చేయి చాచి ఎత్తుడు. తరువాత మూరెడు కఱ్ఱ కొనకు అదే బరువు కట్టి ఎత్తుడు. మణికట్టు బలము మాఱలేదు, బరువు మాఱలేదు. అయినను రెండవమాఱు ఎత్తుట కష్టము. ఇరుసు మణికట్టు వంటిది. ఇరుసునుండి నేలవఱకు గల దూరము కఱ్ఱ వంటిది. పెద్ద టైరు వేయుట యనగా కఱ్ఱను పొడిగించుటయే. ఇంజను బలము తగ్గలేదు. నేలకు చేరు త్రోపు తగ్గినది.

ఎంత తగ్గును?

టైరు ప్రక్కన అచ్చొత్తియుండు అంకెలనుబట్టి దీనిని లెక్కింపవచ్చును. 215/75 ఆర్ 15 అను టైరులో 215 అనునది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అనునది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు నూటికి ఎంతయో తెలుపును. 15 అనునది లోపలి రిమ్ము అడ్డుకొలత అంగుళములలో. ఈ లెక్కప్రకారము ఆ టైరు మొత్తము అడ్డుకొలత సుమారు 703 మిల్లీమీటర్లగును. దానికి బదులు 235/75 ఆర్ 15 వేసినచో 733 మిల్లీమీటర్లగును. అనగా నూటికి నాలుగు పాళ్లు హెచ్చు. 265/75 ఆర్ 15 వేసినచో 778 మిల్లీమీటర్లగును. అనగా నూటికి పదునొకండు పాళ్లకు కొంచెము తక్కువగా హెచ్చు.

ఈ కడపటి టైరు వేసినపుడు నేలకు చేరు త్రోపు నూటికి 90 పాళ్లు మాత్రమే మిగులును. ఇది చిన్న భేదమని తలంపరాదు. బండియు సరకును కలిసి 2800 కిలోల బరువును ఒక గేరులో మిట్ట ఎక్కింపగల బండి, పెద్ద టైర్లతో అదే గేరులో సుమారు 2530 కిలోలను మాత్రమే ఎక్కింపగలదు. తేడా 270 కిలోలు. ఇరువదియైదు కిలోల టమాట పెట్టెలు ఇంచుమించు పదునొకండు దించివేసినదానితో ఇది సమానము. దింపనియెడల డ్రైవరు క్రింది గేరునకు దిగవలయును. బరువుతో బయలుదేఱునపుడు క్లచ్చిని ఎక్కువసేపు జాఱనీయవలయును. గేరు దిగిన డీజిలు హెచ్చును. క్లచ్చి జాఱిన దాని పలక త్వరగా అఱుగును.

మైలేజి లెక్కలోని పొరపాటు

చక్రము తక్కువ చుట్లు తిరిగినచో డీజిలు తక్కువ కాలునను వాదము పైకి యుక్తముగా కనబడును. పాత టైరు కిలోమీటరునకు సుమారు 452 చుట్లు తిరుగును. పెద్ద టైరు సుమారు 409 చుట్లు తిరుగును. కాని డీజిలు కాలుట చుట్లనుబట్టి కాదు, చేయు పనినిబట్టి. సరకు బరువు, మిట్ట, గాలి అడ్డు, నేల రాపిడి, వీనిలో దేనిని పెద్ద టైరు తగ్గింపలేదు. పైగా తన అధికమైన బరువును తానే చేర్చినది. టైరు అంచుననున్న బరువు కదలుటయే గాక తిరుగవలసియు నుండును గనుక, బండిని వేగమునకు తెచ్చునపుడు అది ఇంచుమించు రెండింతలుగా లెక్కకు వచ్చును. బండి ఎత్తు పెరిగినకొలది గాలి అడ్డును హెచ్చును. సమతలమైన రోడ్డుపై తేలిక బరువుతో ఒకే వేగమున పోవునపుడు ఇంజను నెమ్మదిగా తిరుగుటవలన కొద్దిపాటి ఆదా కలిగిన కలుగవచ్చును. గ్రామమునుండి అంగడికి నిండు బరువుతో, ఆగుచు సాగుచు పోవు బండికి ఆ అవకాశము స్వల్పము.

ఇక మీటరు సంగతి. బండి మీటరు చక్రపు చుట్లను లెక్కించి దూరము చెప్పును. టైరు మాఱిన సంగతి దానికి తెలియదు. కావున పైన చెప్పిన పెద్ద టైరుతో 140 కిలోమీటర్లు నడిచినను మీటరు 126 కిలోమీటర్లనే చూపును. పూర్వము ఈ దూరమునకు 10 లీటర్లు పట్టుచుండెననియు, ఇప్పుడు పదిన్నర పట్టుచున్నదనియు అనుకొందము. మీటరునుబట్టి లెక్కించినచో లీటరునకు 14 కిలోమీటర్లు పోయి 12 వచ్చినట్లగును. నిజమైన దూరమునుబట్టి లెక్కించిన 13 దాటి వచ్చును. నష్టము కలదు గాని మీటరు చూపినంత లేదు. వేగము విషయమున మాత్రము ఈ భేదము అపాయకరము. మీటరు 60 చూపునపుడు బండి 66 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును.

బ్రేకులు, చట్టము

త్రోపునకు చెప్పిన న్యాయమే బ్రేకునకును వర్తించును. పెడలును పూర్వమంత బలముగనే త్రొక్కినను బండిని ఆపు శక్తి ఆ పాళ్ల ప్రకారమే తగ్గును. ఘాటురోడ్డు దిగువారు దీనిని ముఖ్యముగా గమనింపవలయును. బండి ఎత్తు పెరుగుటచే మలుపులలో ఒఱగు భయమును హెచ్చును. చక్రము పూర్తిగా త్రిప్పినపుడు టైరు మడ్గార్డునకు ఒఱయుటయు కలదు. ఇంతేగాక, నిర్మాతలు నిర్దేశించినదానికి భిన్నముగా వాహనమును మార్పరాదని 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. ప్రమాదము జరిగినపుడు బీమాసొమ్ము విషయమున చిక్కులు కలుగవచ్చును.

చేయదగినది

ఇంత నష్టమునకు ప్రతిగా లభించు ఎత్తు ఎంత? టైరు అడ్డుకొలత 75 మిల్లీమీటర్లు హెచ్చినను బండి అడుగుభాగము అందులో సగమే, అనగా ఒకటిన్నర అంగుళము మాత్రమే పైకి లేచును. ఆ మాత్రమునకై నాలుగు క్రొత్త టైర్లు కొనుటకంటె, డొంకలోని గుంటలకు ఇరుగుపొరుగు రైతులు కలిసి కంకర పోయించుట చౌక. తడిసిన రేగడినేలలో దిగబడు బండికి టైరు ఎత్తుకంటె మంచి పట్టుగల గాడులు ముఖ్యము.

నిర్మాతలు ఆ బండికి అనుమతించిన కొలతలలోనే టైర్లు కొనవలయును. వారానికొకమాఱు, ఉదయమున బండి నడుపకముందు, గాలి చూపింపవలయును. గాలి తక్కువైన టైరు డీజిలును త్రాగును, అంచులు త్వరగా అఱుగును. అనుమతికి మించిన బరువు ఎత్తరాదు.

ఇదివఱకే పెద్ద టైర్లు వేయించినవారు రోడ్డుప్రక్క కిలోమీటరు రాళ్లనుబట్టి పది కిలోమీటర్లు నడిపి, మీటరు ఎంత చూపెనో వ్రాసికొని, ఆ పాళ్ల ప్రకారము మైలేజిని, వేగమును సరిచేసికొనవలయును. లాగుశక్తిని తిరిగి పొందుటకు వెనుక ఇరుసులోని క్రౌను, పినియను పండ్లచక్రములను మార్చు ఉపాయము కలదు గాని, అది మిక్కిలి ఖర్చుతో కూడినది. వారికి పాత కొలత టైర్లను మరల వేయించుటయే సులభమైన మార్గము.