బైపీసీ అంటే డాక్టరేనా?

ఎంబీబీఎస్‌ సీటు రాకపోతే జీవితమే పోయినట్టు కుమిలిపోయే ఇళ్లు ఎన్నో. కానీ మనం తినే అన్నం, పిల్లలకు వేయించే టీకా, నేరస్థుణ్ని పట్టించే డీఎన్‌ఏ పరీక్ష... వీటన్నిటి వెనకా జీవశాస్త్రం చదివినవాళ్లే ఉన్నారు.

నీట్‌ ఫలితాలు వచ్చిన సాయంత్రం. ఇంట్లో టీవీ మోగడంలేదు. వంటింట్లో కుక్కర్‌ కూత తప్ప మరో చప్పుడు లేదు. గదిలో తలుపేసుకున్న కూతురు అన్నానికి రానంటోంది. నాన్న కాగితం మీద లెక్కలేస్తున్నాడు... మళ్లీ లాంగ్‌టర్మ్‌కి పంపితే ఫీజెంత, హాస్టల్‌కెంత, అప్పు ఎక్కడ పుడుతుంది? ఇంతలో పక్కింటావిడ గుమ్మంలోకొచ్చి అడగనే అడిగింది.

‘ఏం వదినా, అమ్మాయికి సీటొచ్చినట్టేనా?’

అమ్మ దగ్గర జవాబు లేదు.

తెలుగునాట ఏ ఊళ్లోనైనా ఏటా కనిపించే దృశ్యమే ఇది. పదో తరగతి పూర్తవగానే ఎంపీసీ అయితే ఇంజినీరు, బైపీసీ అయితే డాక్టరు అని పిల్లల భవిష్యత్తును పెద్దలు రెండు ముక్కల్లో తేల్చేస్తారు. లెక్క మాత్రం వేరేగా ఉంది. 2024లో నీట్‌ రాసినవారు 23 లక్షలకు పైమాటే. అప్పటికి దేశం మొత్తమ్మీద ఉన్న ఎంబీబీఎస్‌ సీట్లు సుమారు 1.1 లక్షలు. అంటే ఇరవై మంది రాస్తే సీటు దక్కేది ఒక్కరికి. అందులోనూ ప్రైవేటు కాలేజీ ఫీజు కట్టగలిగేవారు ఎందరు?

మరి మిగిలిన పందొమ్మిది మంది సంగతేంటి? మళ్లీ రాయాలా, మానేయాలా అన్నది తర్వాతి మాట. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ పిల్లకి ఇష్టమైంది తెల్లకోటా... జీవశాస్త్రమా?

పట్టా దక్కకపోయినా...

డాక్టరు పట్టా చేతికందక కుంగిపోయేవాళ్లు భీమవరంలో పుట్టిన ఒక కుర్రాడి కథ తెలుసుకోవాలి. మెట్రిక్యులేషన్‌ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. మద్రాసు మెడికల్‌ కాలేజీలో చేరాడు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టాడు. అది సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి పూర్తిస్థాయి ఎంబీబీఎస్‌ పట్టా రాలేదు. అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్‌ సర్టిఫికెట్‌తోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ బతికిన ఆ యువకుడు 1923లో అమెరికా చేరాడు. బతకడానికి ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూనే జీవరసాయన శాస్త్రంలో పడ్డాడు.

ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. క్యాన్సర్‌కీ కీళ్లవాతానికీ ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్‌ ఆయన బృందం పరిశోధనల ఫలమే. టెట్రాసైక్లిన్‌ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్‌ అయిన ఆరియోమైసిన్‌ ఆయన నడిపిన ప్రయోగశాలలోనే వెలుగు చూసింది. బోదకాలు నివారణకు ప్రభుత్వం ఊరూరా పంచే డీఈసీ మాత్ర మూలాలూ అక్కడివే. సుబ్బారావు 1948లో కన్నుమూశారు. అమెరికాలో ఆయన క్లినిక్‌ పెట్టి రోగుల నాడి చూసింది లేదు. అయినా ఆయన పుణ్యాన బతికినవాళ్లకు లెక్కలేదు.

కంచంలోనే ఉంది కెరీర్‌

అంత దూరం వెళ్లక్కర్లేదు. రాత్రి కంచంలోకి వచ్చిన అన్నాన్నే చూడండి. తెలుగువాళ్లు ఇష్టపడే సన్నబియ్యం సాంబమసూరి అసలు పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్ల. అక్కడి శాస్త్రవేత్తలు రకాలకు రకాలు కలిపి, ఏళ్ల తరబడి ఎంపిక చేసి, 1986లో రైతుల చేతికిచ్చారు. రుచికి తిరుగులేదు. కానీ బ్యాక్టీరియా ఆకు ఎండు తెగులు సోకితే చేను తట్టుకోలేదు.

దానికి విరుగుడు హైదరాబాద్‌లో దొరికింది. సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంప్రదాయ సంకరణ పద్ధతిలోనే సాంబమసూరిలోకి తెచ్చారు. ప్రతి తరంలోనూ ఆ జన్యువులు వచ్చాయో లేదో డీఎన్‌ఏ పరీక్షతో చూసుకుంటూ వెళ్లారు. 2008లో ‘ఇంప్రూవ్డ్‌ సాంబమసూరి’ విడుదలైంది. గింజ అదే, రుచి అదే... తెగులు బెడద తగ్గింది. పైగా దీని గ్లైసీమిక్‌ ఇండెక్స్‌ 50 దగ్గరే ఉందని తేలడంతో మధుమేహం ఉన్నవాళ్ల చూపూ దానిమీద పడింది.

హరితవిప్లవ పితామహుడు ఎం.ఎస్‌.స్వామినాథన్‌ కూడా మొదట డాక్టరు కావాలనుకున్నవారే. తండ్రి పేరున్న సర్జన్‌. 1943 నాటి బెంగాల్‌ కరవు ఆయన మనసు మార్చేసింది. జువాలజీ డిగ్రీ చేతిలో ఉన్నా మళ్లీ వ్యవసాయ కళాశాలలో చేరారు. దేశం ఆకలి తీర్చిన ఆయనకు 2024లో మరణానంతరం భారతరత్న ప్రకటించారు.

ఈ దారి నచ్చిన బైపీసీ విద్యార్థులకు బీఎస్సీ అగ్రికల్చర్‌, హార్టికల్చర్‌ ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అగ్రికల్చర్‌ సీట్లకు ఈఏపీసెట్‌ ర్యాంకే ఆధారం. వ్యవసాయ అధికారి ఉద్యోగాలు, విత్తన సంస్థలు సరే... బ్యాంకులు కూడా వ్యవసాయ క్షేత్రాధికారులుగా ఈ పట్టభద్రులనే తీసుకుంటాయి.

రొయ్య చెప్పిన పాఠం

కోస్తాలో రొయ్యల చెరువున్న రైతుకి బయాలజీ విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. 1990ల్లో తెల్లమచ్చల వైరస్‌ వచ్చి టైగర్‌ రొయ్యను ఊడ్చేసింది. లక్షలు పోసిన చెరువులు రోజుల్లో ఖాళీ అయ్యాయి. 2009 తర్వాత వెనామీ రొయ్య సాగుకు అనుమతులొచ్చాక కథ మళ్లీ మొదలైంది. ఈసారి రైతు ముందే జాగ్రత్తపడ్డాడు. పిల్ల కొనేముందే ల్యాబ్‌లో పీసీఆర్‌ పరీక్ష చేయిస్తున్నాడు. కొవిడ్‌ రోజుల్లో ఇంటింటా వినిపించిన ఆర్‌టీ-పీసీఆర్‌ కూడా ఈ కుటుంబానిదే!

హేచరీల్లో, నీటి పరీక్షల ల్యాబుల్లో, మేత కంపెనీల్లో, ఎగుమతి ప్లాంట్లలో పనిచేసేది ఎక్కువగా ఫిషరీస్‌, మైక్రోబయాలజీ, జువాలజీ చదివినవాళ్లే. నెల్లూరు జిల్లా ముత్తుకూరులోని మత్స్య కళాశాలలో బీఎఫ్‌ఎస్సీ కోర్సు ఉంది. చేపలు, రొయ్యల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో ఈ చదువుకి చెరువుగట్టు దాకా గిరాకీ ఉంది.

పాముల మీద పరిశోధనా?

‘పాముల క్రోమోజోములు చదివితే ఏమొస్తుంది?’ అని ఎవరైనా అడిగితే నవ్వొస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో రైతు కుటుంబంలో పుట్టిన లాల్జీసింగ్‌ బెనారస్‌ హిందూ విశ్వవిద్యాలయంలో జువాలజీ చదివి, చేసిన పని సరిగ్గా అదే. పాముల్లో ఆడా మగా తేడా ఎలా ఏర్పడుతుందో చూడాలనుకున్నారు. ఆ క్రమంలో కట్లపాము జాతికి చెందిన ఒక పాములో దొరికిన డీఎన్‌ఏ ముక్క మనిషికీ మనిషికీ ఉన్న తేడాను పట్టివ్వగలదని తేలింది. హైదరాబాద్‌ సీసీఎంబీలో దాని ఆధారంగానే స్వదేశీ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ పద్ధతి రూపుదిద్దుకుంది.

తల్లిదండ్రులెవరో తేల్చే వివాదాల నుంచి రాజీవ్‌గాంధీ హత్య కేసు దాకా అది కోర్టులకు సాక్ష్యమైంది. ఇప్పుడు ఫోరెన్సిక్‌ సైన్స్‌లో డిగ్రీలు, పీజీలూ ఉన్నాయి. పాములపై కుతూహలంతో మొదలైన పని న్యాయస్థానం మెట్లెక్కింది. పరిశోధన తీరే అంత. మొదలుపెట్టినప్పుడు ఎక్కడికి చేరుతుందో తెలియదు.

టీకాల ఊరు

హైదరాబాద్‌ శివార్లలోని జీనోమ్‌ వ్యాలీ చుట్టూ టీకాల కంపెనీలు, పరిశోధన సంస్థలు ఉన్నాయి. 2021 జనవరిలో అత్యవసర వినియోగానికి అనుమతి పొందిన కొవాగ్జిన్‌ ఇక్కడ పుట్టిందే. దాన్ని తయారుచేసిన భారత్‌ బయోటెక్‌ వ్యవస్థాపకుడు కృష్ణా ఎల్లా ఎంబీబీఎస్‌ చదవలేదు. ఆయన మొదట చదివింది వ్యవసాయం!

టీకా అంటే కనిపెట్టే శాస్త్రవేత్త ఒక్కరే కాదు. కణాలను పెంచేవాళ్లు, ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించే క్వాలిటీ కంట్రోల్‌ సిబ్బంది, క్లినికల్‌ ట్రయల్స్‌ చూసుకునేవాళ్లు, అనుమతుల పత్రాలు సిద్ధం చేసేవాళ్లు, మందు మార్కెట్లోకి వచ్చాక దుష్ప్రభావాల మీద కన్నేసే ఫార్మకోవిజిలెన్స్‌ నిపుణులు... ఇలా ఒక్క సీసా వెనక ఎన్నో చేతులు. బీఫార్మసీ, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇక్కడ చోటుంటుంది.

ఆసుపత్రిలోనే ఉండాలన్న కోరిక బలంగా ఉంటే నర్సింగ్‌, ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ, మెడికల్‌ ల్యాబ్‌ టెక్నాలజీ, డయాలసిస్‌ టెక్నాలజీ లాంటి కోర్సులున్నాయి. అడవి ఇష్టమైతే సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల ఉంది. బోటనీ, జువాలజీ డిగ్రీతో యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్‌ ఫారెస్ట్‌ సర్వీస్‌ పరీక్షా రాయొచ్చు.

దారులున్నాయి... గతుకులూ ఉన్నాయి

అలాగని బీఎస్సీ చేతికి రాగానే ఉద్యోగం ఎదురొస్తుందనుకుంటే పొరపాటే. మూడేళ్ల డిగ్రీ ఒక్కటే ఉంటే తొలి జీతం చిన్నదిగానే ఉంటుంది. ఇంజినీరింగ్‌ చదివిన అన్నయ్య ఇరవై రెండేళ్లకే సంపాదన మొదలుపెడితే, పరిశోధన వైపు వెళ్లిన చెల్లెలు ఇరవై ఎనిమిదేళ్లు వచ్చినా ఇంకా ‘చదువుకుంటూనే’ ఉంటుంది. ‘ఇంకా ఎన్నాళ్లమ్మా?’ అని చుట్టాలు పెళ్లిళ్లలో అడుగుతారు. ఇంట్లోవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుని పంపితే పిల్లలు మధ్యలో తడబడరు.

కాస్త ఆసరా లేకపోలేదు. సీఎస్‌ఐఆర్‌-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్‌ సాధించినవారికి 2023 జనవరి నుంచి నెలకు రూ.37 వేల చొప్పున ఫెలోషిప్‌ నిర్ణయించారు. అంటే పీహెచ్‌డీకి నాన్న జేబు తడమక్కర్లేదు. ఇంటర్‌ తర్వాత నేరుగా పరిశోధన బాట పట్టాలంటే ఐఐఎస్‌ఈఆర్‌లున్నాయి. తిరుపతిలో 2015 నుంచే ఒకటి నడుస్తోంది. అయిదేళ్ల బీఎస్‌-ఎంఎస్‌ కోర్సుకి బైపీసీ వాళ్లూ ప్రవేశపరీక్ష రాయొచ్చు. కాకపోతే అందులో లెక్కల ప్రశ్నలూ ఉంటాయి. లెక్కలంటే భయపడి బైపీసీలో చేరినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి... ఇవాళ జీవశాస్త్రం కంప్యూటరుతో, గణాంకాలతో చెట్టపట్టాలేసుకుని నడుస్తోంది.

చేరేముందు చూసుకోండి

* కోర్సు పేరు చూసి మోసపోవద్దు. ‘బయో’ అని ఉన్న ప్రతి డిగ్రీ ఒకటి కాదు. ల్యాబ్‌ ఉందా, ప్రయోగాలు పిల్లల చేత చేయిస్తారా అని కాలేజీకి స్వయంగా వెళ్లి చూడండి. సీనియర్లతో మాట్లాడండి.

* నర్సింగ్‌, ఫార్మసీ, వ్యవసాయ కోర్సులకు సంబంధిత మండలి గుర్తింపు ఉందో లేదో నిర్ధరించుకోండి.

* లాంగ్‌టర్మ్‌కి పంపాలనుకుంటే ఎన్నిసార్లు అన్నది ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని అనుకోండి. నీట్‌తోపాటు ఈఏపీసెట్‌ లాంటి పరీక్షలకూ దరఖాస్తు చేయించండి.

* డిగ్రీలో ఉండగానే వేసవి సెలవుల్లో ఏదైనా ల్యాబ్‌లోనో, హేచరీలోనో, ఫార్మా కంపెనీలోనో నెల రోజులు పనిచేసే అవకాశం వెతుక్కోమనండి. మార్కుల జాబితా చెప్పని సంగతులు అక్కడ తెలుస్తాయి.

అసలు ప్రశ్న

మళ్లీ ఆ ఇంటికే వెళితే... నాన్న లెక్కల కాగితం పక్కన పెట్టేశాడు. కంచంలో అన్నం పెట్టుకుని గది తలుపు తట్టాడు. సీటు ఊసెత్తలేదు. ‘రెండేళ్లు చదివావు కదమ్మా... ఏ పాఠం చదువుతుంటే నీకు టైమే తెలిసేది కాదు?’ అనడిగాడు.

చాలాసేపటికి జవాబొచ్చింది. ‘మెండెల్‌ బఠాణీల పాఠం నాన్నా... ఏ మొక్కని దేంతో కలిపితే ఏ గింజొస్తుందో ముందే చెప్పేయొచ్చు తెలుసా?’

ఏడ్చి ఏడ్చి వాచిన ఆ కళ్లలో చిన్న మెరుపు. ఆమె మళ్లీ నీట్‌ రాయొచ్చు, రాయకపోవచ్చు. రేపు పక్కింటావిడ మళ్లీ అడిగితే మాత్రం అమ్మ దగ్గర ఓ జవాబుంది.

‘సీటు రాలేదు వదినా. అమ్మాయి మాత్రం బయాలజీనే చదువుతుంది.’