మిగిలిన కార్జమే మందు

చంద్రగిరి కోట కింద పొలం గట్ల మీద వాన పడ్డాక నేలఉసిరి మొలుస్తుంది. చింతాకులాంటి ఆకు. రెమ్మ తిరగేస్తే ఈనె పొడవునా ఆవగింజలంత పచ్చటి కాయలు. కామెర్లు వచ్చాయంటే దాన్ని వేళ్లతో సహా పీకి, నూరి, పరగడుపున మజ్జిగలో ఇచ్చేవాళ్లు. మేత మానేసిన ఆవుకూ అదే పసరు, వెదురు గొట్టంతో పోసేవాళ్లు. పక్కనే తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. అయినా గొట్టం ముందు, డాక్టరు తర్వాత.

ఆ వరస మనతోపాటు అమెరికాకు విమానమెక్కింది. ఇంట్లో కుక్కకు కాలేయం ఆపరేషన్ అయిందంటే, ఊరి నుంచి తెచ్చుకున్న నేలఉసిరి పొడి డబ్బా గుర్తొస్తుంది.

అసలు కార్జానికి తనను తాను పెంచుకునే గుణం ఉంది. 1931లో అమెరికాలో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే పరిశోధకులు ఎలుకల కాలేయంలో మూడింట రెండు వంతులు తీసేసి చూశారు. కోసేసిన తమ్మెలు మళ్లీ మొలవలేదు, మిగిలినవే పెరిగి ఆ లోటు పూడ్చాయి. ఎలుకల్లో ఈ పని చాలామటుకు వారం పది రోజుల్లో అయిపోతుంది.

పెరగడానికి సరుకు తిండి నుంచే రావాలి, ముఖ్యంగా మాంసకృత్తుల నుంచి. కాలేయం జబ్బు అనగానే గంజికి దించేయడం పొరపాటు. రక్తంలో అమ్మోనియా పెరిగి మెదడు మందగించిన జంతువుకే డాక్టరు మాంసకృత్తులు తగ్గిస్తారు. పిల్లి విషయంలో మరీ జాగ్రత్త. బొద్దుగా ఉన్న పిల్లి కొన్ని రోజులు తినకపోతే చాలు, ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది. అందుకే అవసరమైతే గొట్టం వేసైనా తినిపిస్తారు. మన పప్పన్నం పెడదామంటే, తాలింపులో ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. అవి కుక్కల, పిల్లుల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి.

మరి మాత్రలు? మిల్క్ థిసిల్ గింజల సిలిమరిన్, శామ్-ఈ అనే పదార్థం పశువైద్యులూ రాస్తారు. అవి కణాలకు కాస్త కాపు కాయవచ్చుగానీ, కోత తర్వాత కాలేయాన్ని త్వరగా పెంచుతాయనడానికి కుక్కల్లో, పిల్లుల్లో గట్టి రుజువు లేదు.

నేలఉసిరికీ పరీక్ష జరిగింది. హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ అందుకున్న బ్లమ్‌బర్గ్ బృందం 1987లో వుడ్‌చక్ అనే జంతువులకు దాని సారం ఎక్కించి, వైరస్ తగ్గడం చూసింది. మరుసటేడు మద్రాసులో మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైందన్నారు. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. పైగా అది వైరస్ సంగతి, కత్తి గాయం సంగతి కాదు.

అమెరికాలో మనుషుల సప్లిమెంట్లకు 1994 చట్టం ఉంది. అది జంతువుల ఉత్పత్తులకు వర్తించదు. సహజమైనదే కదా అనుకోవడానికీ లేదు: పసుపు గుళికలతో మనుషుల కాలేయాలే దెబ్బతిన్న సందర్భాలున్నాయి. చేపనూనె రక్తం గడ్డకట్టే తీరును మార్చగలదు.

అందుకే ఆపరేషన్‌కు ముందే ఒక కాగితం మీద మీ కుక్కకు పెట్టేవన్నీ రాయండి, చేపనూనె నుంచి చిటికెడు పసుపు దాకా. నేలఉసిరి పొడి డబ్బాను కూడా సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. మూత ఆయన తీయమన్నాక తీద్దాం.